ఒంటె ఉన్నచోట

బస్సులో వస్తూ ఆ వాక్యాన్ని మూడుసార్లు మార్చుకున్నాను.
"మీ అమ్మాయి కంట్లో ఏదో లోపం" — వద్దు,
లోపమన్న మాట ఒకసారి గడప దాటితే
ఆ ఇంట్లోనే తిష్ఠ వేస్తుంది.
"భయపడాల్సిందేమీ లేదు" — అదీ వద్దు,
ఆ మాట వినగానే ఎవరైనా భయపడతారు.
చూసింది చూసినట్టు చెబుదామనుకున్నాను.
అంతకుమించి నేనెవర్ని?
దర్ఖాన్ ఊళ్లో, రైలుకట్ట వెనక కిండర్‌గార్టెన్‌లో
నాలుగేళ్ల పిల్లలకు బూట్లు విప్పి
బూట్లు తొడిగే దులమ్‌సూరెన్‌ని.

అయిదింటికి వచ్చారిద్దరూ
బొగ్గుపొగ వాసనతో, కనుబొమల మీద మంచుతో.
పిల్లల కుర్చీలే ఉన్నాయి.
బాత్‌సూఖ్ మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.
ఉయంగా చేతితొడుగులు తియ్యలేదు.
పాలటీ పోశాను. ఉప్పు ఎక్కువైంది.
ఎవరూ అనలేదు.

చెప్పాను:
అనుజిన్ పుస్తకాన్ని వాసన చూస్తున్నట్టు చూస్తుంది.
బొమ్మ చూడాలంటే తల ఓ పక్కకి వాలుస్తుంది,
తలుపుసందులోంచి తొంగిచూసే పిల్లిలా.
పాలు గ్లాసు పక్కన పోసి
గ్లాసును కోప్పడుతుంది.
ఎడమవైపు నుంచి బంతి వస్తే రెప్ప వెయ్యదు.
మొన్న ఒక్కో కన్నూ మూసి ఆడుకున్నాం.
ఎడమకన్ను మూస్తే పాట పాడుతూనే ఉంది.
కుడికన్ను మూశాను,
పాట ఆపేసి, నా చెయ్యి తోసేసి
"టీచర్, పొగొచ్చింది" అంది.

బాత్‌సూఖ్ నవ్వాడు.
కోపానికి ముందు వచ్చే నవ్వు.
"మా నాన్న అవతలి గుట్ట మీది గుర్రాన్ని చూసి
చూలుదో కాదో చెప్పేవాడు.
నేను రాత్రంతా లారీ తోలతాను,
రోడ్డుపక్క కుందేలు చెవి కదిలితే తెలుస్తుంది నాకు.
మా వంశంలో కళ్లజోడు పెట్టినవాడు లేడు.
పాపా, ఇలా రా."

ఆయన అరచెయ్యి ఆ ముఖం మొత్తానికి సరిపోతుంది.
అయినా రెండువేళ్లతోనే, మెల్లిగా,
కుడికన్ను మూశాడు.
"ఆ గోడ మీద ఏముందో చెప్పు."
అనుజిన్ తడుముకోలేదు.
"ఒంటె! రెండు మూపురాలు! ఎర్ర జీను!"
విన్నావా అన్నట్టు నావైపు తిరిగాడు.
ఉయంగా అప్పుడు టీ తాగింది.

నేను ఊరుకోవచ్చు.
ఆ క్షణాన అందరికీ అదే హాయి.

"ఒంటెను సోమవారం తీసేశాం," అన్నాను.
"ఇప్పుడక్కడ ఉన్నది చేప."

తలుపంత నీలం చేప.
బాత్‌సూఖ్ దాన్ని చాలాసేపు చూశాడు,
అంత మంచి చూపూ ఏం చేసుకోవాలో తెలియనివాడిలా.
గెలిచాననిపించలేదు నాకు,
ఎవరి సంచిలోంచో ఏదో తీసినట్టనిపించింది.
వేళ్ల కిందనుంచి అనుజిన్,
"నాన్నా, సరిగ్గా చెప్పానా?"
"చెప్పావు," అన్నాడు. "సరిగ్గానే చెప్పావు."

ఉయంగా అప్పుడు నోరు విప్పింది.
"నేను కుట్టిన టోపీ కంటికి అడ్డొస్తోందనుకున్నా.
రెండుసార్లు విప్పి కుట్టాను."

కన్ను ఇంకా చూడ్డం నేర్చుకునే వయసని చెప్పాను,
ఇప్పుడైతే మాట వింటుందని.
కళ్లజోడు కావచ్చు, కొన్నాళ్లు కంటికి పట్టీ కావచ్చు,
ఏమీ కాకపోనూవచ్చు.
అది చూసి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు.
గురువారం, ఆసుపత్రి రెండో అంతస్తు.
కాగితం ఇచ్చాను.
బాత్‌సూఖ్ దాన్ని చేతికందినంత దూరం పట్టుకున్నాడు,
ఇంకాస్త వెనక్కి వాలాడు,
చివరికి భార్యకిచ్చి
"నువ్వు చదువు," అన్నాడు.
నవ్వొచ్చింది. బూట్ల వైపు వంగి దాచుకున్నాను.

కిటికీ మంచు గోకి చూశాను.
ముగ్గురూ గేటు దాకా నడిచారు,
ఎప్పటిలాగే పిల్ల కుడిచెయ్యి తండ్రి చేతిలో.
దీపస్తంభం దగ్గర ఆయన ఆగాడు.
ఆ చెయ్యి వదిలి,
వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్లి
ఎడమచెయ్యి పట్టుకున్నాడు.